విపత్తు నిధుల బాధ్యత తీసుకున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

కలెక్టరేటులో విపత్తుల సన్నద్ధతకు వచ్చే నిధుల బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి సంతోషమూ భయమూ రెండూ నన్ను వదలడం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న ఊరు ఇది. 2020 అక్టోబరులో చెరువుల కట్టలు తెగి పాతబస్తీలో కాలనీలకు కాలనీలే మునిగిన ఊరు కూడా ఇదే. అటువంటి రాత్రి కోసం ముందుగా సిద్ధం చేసే పని మన ఇంటి పిల్ల చేతికి రావడం నాకు గర్వంగా ఉంది. అయితే ఆ నిధిలో ఖర్చయ్యే ప్రతి రూపాయి కింద సంతకం నీదే ఉంటుందని తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

పరిపాలనా అనుమతి చేతికి రానిదే ఏ ఆర్డరూ ఇవ్వకు. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఉన్న జెమ్ పోర్టల్‌లో దొరికేదాన్ని బయట కొనకు. క్యాష్ బుక్ ఏ రోజుది ఆ రోజే ముగించు. ఇవి నీకు తెలిసినవే కనుక వీటిని పొడిగించను.

డబ్బు ఏ పద్దు కింద వచ్చిందో మాత్రం ప్రతిసారీ ఉత్తర్వు తెరిచి చదువు. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం చెప్పిన విభజనే చూడు. మనలాంటి రాష్ట్రాలలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. మొత్తంలో 20 శాతం ముప్పును తగ్గించే పనులకు పోగా, మిగిలిన 80లో 40 తక్షణ సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 మాత్రమే సన్నద్ధతకు, సామర్థ్యం పెంచడానికి కేటాయించారు. ముందుజాగ్రత్తకు దక్కినది ఆ చిన్న వాటాయే. అది చాలలేదని సహాయం పద్దులో చెయ్యి పెట్టమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఆ మాట నోట్ ఫైలులో రాసి ఇమ్మని మర్యాదగా అడుగు. కేంద్రం నేరుగా ఇచ్చే గ్రాంటు అయితే దాని మీద వచ్చిన వడ్డీ కూడా మనది కాదు, తిరిగి కట్టాలి. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రం, అదే యూసీ, ఆలస్యమైతే తరువాతి విడత ఆగుతుంది, ఆ విడత ఆగితే వానాకాలం ఆగదు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన సంగతి చెబుతాను. నేను బిల్లుల సెక్షన్‌లో పనిచేసే రోజుల్లో ఒక జిల్లా కార్యాలయానికి మార్చి నెల మధ్యలో నిధులు వచ్చాయి. ఏడాది ముగిసేలోగా ఖర్చు పెట్టకపోతే మురిగిపోతాయన్న ఆదుర్దాతో గాలి నింపే పడవలు, వాటి ఇంజిన్లు, లైఫ్ జాకెట్లు, ఒక జనరేటరు కొన్నారు. కొటేషన్లు సక్రమం, ధరలు న్యాయం, బిల్లు మార్చి 31 లోపే ఖజానాలో పాసయింది. ఎవరూ ఒక్క పైసా తినలేదు. అందుకే అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. దొంగతనమైతే ఆడిట్ వారు పట్టుకునేవారు, ఇందులో పట్టుకోవడానికి వారికేమీ దొరకలేదు. పడవ నడిపేవారికి శిక్షణ లేదు, ఇంజిన్ మరమ్మతుకు పద్దు లేదు, పెట్రోలుకు అడ్వాన్సు లేదు. సామాను మేడమీద, ఎన్నికల పెట్టెల పక్కన ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఏటా తనిఖీ పేరుతో వచ్చినవారు కవరు కూడా విప్పకుండా స్టాక్ రిజిస్టరులో ‘మంచి స్థితిలో ఉన్నవి’ అని రాసి వెళ్లేవారు.

కొన్నేళ్లకు ఒక వానాకాలం రాత్రి వాగు ఊరిమీదికి వచ్చింది. స్టోరు చూసే ఉద్యోగి సెలవు మీద సొంత ఊరికి వెళ్లాడు, తాళంచెవి అతని ఇంట్లో ఉంది. తాళం పగలగొట్టి చూస్తే పడవల అతుకులను ఎలుకలు కొరికాయి, ఇంజిన్ తాడు ఎంత లాగినా కదలలేదు, ఉన్న జాకెట్లన్నీ పెద్దల కొలతవే, వాటిలో పసిపిల్లలకు సరిపోయేది ఒక్కటీ లేదు. డాబాల మీదికి ఎక్కినవారు తెల్లవారేదాకా తడుస్తూ కూర్చుంటే, చివరికి ఆ ఊరి కుర్రవాళ్లే లారీ ట్యూబులకు తాళ్లు కట్టి వారిని దింపారు. దైవకృపవల్ల ప్రాణనష్టం జరగలేదు. మరునాడు కార్యాలయానికి వచ్చిన ఒక పెద్దాయన, ‘మన దగ్గర పడవలున్నాయని పేపర్లో వేశారు గదమ్మా’ అన్నాడు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. అక్కడున్న మేమెవ్వరమూ బదులు చెప్పలేకపోయాము.

కాబట్టి ఏ వస్తువు కొన్నా, దాని మరమ్మతు ఖర్చు, నడిపేవారి శిక్షణ, పెట్టే చోటు, ఇంధనం, ఈ నాలుగూ మొదటి అంచనాలోనే చేర్చు. అవి చేరిస్తే పడవల సంఖ్య సగానికి తగ్గుతుందని పై అధికారులు అంటే, సగమే కొందామని చెప్పు. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమాలు ఏడాదికి కనీసం ఒకసారి సామాను తనిఖీ చేయమంటాయి. నువ్వు మాత్రం వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి చేయించు, ఇంజిన్ తిరిగితేనే మంచి స్థితి అని రాయించు. స్టోరు తాళంచెవులు రెండు ఉండాలి, రెండోది రాత్రి డ్యూటీ గదిలో ఉండాలి. విపత్తుల్లో సాయపడేందుకు ఆపద మిత్ర పథకం కింద శిక్షణ పొందిన వలంటీర్ల జాబితా నీ దగ్గర ఉంటుంది కదా, ఆ ఫోన్ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో స్వయంగా చేసి చూడు. తాళంచెవి, ఫోన్ నంబర్లు అంటూ పెద్దమ్మ చాదస్తంగా మాట్లాడుతోందని అనుకోకు. ఆ రాత్రి డబ్బు లేక ఏదీ ఆగలేదు, తాళంచెవి లేక ఆగింది.

ఇంకొక భయం ఉంది. 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టంలో 50వ సెక్షను, ముప్పు ముంచుకొచ్చినప్పుడు టెండరు లేకుండా కొనడానికి వీలు కల్పిస్తుంది. మార్చి నెల తొందరకు ఆ సెక్షను వాడుకుందామని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. వినకు. అదే చట్టంలో 53వ సెక్షను కూడా చదువు, విపత్తు కోసం ఉద్దేశించిన డబ్బును, సామానును దుర్వినియోగం చేస్తే రెండేళ్ల దాకా జైలు అని ఉంది. ఎవరైనా బతిమాలితే కాదనలేని స్వభావం నీది, చిన్నప్పటి నుంచీ అంతే. వస్తువును కంటితో చూడకుండా, లెక్కపెట్టకుండా అందినట్లు సంతకం పెట్టావని తెలిస్తే నేను నీతో మాట్లాడను.

కఠినంగా రాశానని కష్టపెట్టుకోకు తల్లీ. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నువ్వు చాలా చిన్నదానివి. మీ ఇంట్లోకి మోకాలి లోతున నీళ్లొస్తే నిన్ను మంచం మీద నిలబెట్టాము. నీళ్లు ఎప్పుడు పోతాయని అడుగుతూనే ఉన్నావు, ఎవరైనా వస్తారా అని వీధి వైపు చూస్తూనే ఉన్నావు. ఇప్పుడు అటువంటి పిల్లలు ఎదురుచూసేది మీ విభాగం వారి కోసమే.

పసిపిల్లల కొలత జాకెట్లు మీ స్టోరులో ఎన్ని ఉన్నాయో ఈ వారమే లెక్క చూసుకొని నాకు ఫోను చెయ్యి. తక్కువైతే కావలసినవి అడిగే ఇండెంటు ఎలా రాయాలో కూర్చుని రాద్దాము, ఆదివారం భోజనానికి ఇక్కడికే రా.

మీ పెద్దమ్మ