అమెరికా బడుల్లో లాటినో టీచర్లు ఎందుకు కావాలి?

లాటినోలంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. పాఠం బాగా చెబితే చాలదా, టీచర్ ఏ వర్గమైతే ఏంటి అని కొందరు అడుగుతారు. బాగా చెప్పడం ముఖ్యమే. కానీ 2020-21లో అక్కడి ప్రభుత్వ బడుల్లో హిస్పానిక్ టీచర్లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, దాదాపు 9 శాతమే. పిల్లల్లో మాత్రం నాలుగో వంతు పైనే. స్పానిష్ తప్ప రాని తల్లిదండ్రులతో మాట్లాడేదెవరు?

బొలీవియా నుంచి వచ్చిన హైమే ఎస్కలాంటే తూర్పు లాస్ ఏంజిలిస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో లెక్కలు చెప్పారు. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది కాలేజీ స్థాయి కాల్‌క్యులస్ పరీక్ష పాసయ్యారు. కాపీ కొట్టారేమోనని పరీక్ష పెట్టినవాళ్లు 14 మందిని అనుమానించారు. వాళ్లలో 12 మంది మళ్లీ రాసి, అందరూ పాసయ్యారు. ఆ అనుమానం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఆయన పిల్లలకు పదే పదే చెప్పిన మాట 'గానాస్', అంటే సాధించాలన్న తపన. అది వాళ్ల ఇంటి భాష స్పానిష్‌లోని మాటే.