ఇరవై వేల ఓడలు

చిరంజీవి రవికి,

నువ్వు పంపిన ఫైల్ చదివాను. నలభై వింతలు, ఒక్కోదానికి మూడు లైన్లు. రాత్రి రెండింటి దాకా ఫోన్ గీకుతూ ఏరినవని తెలుస్తూనే ఉంది. తేనె పాడవదు, ఆక్టోపస్‌కి మూడు గుండెలు... నిజాలే, కానీ అందరికీ తెలిసినవే. పదిహేడోదాని దగ్గర మాత్రం ఆగిపోయాను. 1839 నవంబరులో కాకినాడ దగ్గరి రేవు ఊరు కోరంగిని తుపాను ముంచింది, 3 లక్షల మంది పోయారు, 20 వేల ఓడలు మునిగాయి అన్నావు. వెంటనే పద్దెనిమిదోది, జిరాఫీ నాలుక!

ఈ ఇరవై వేల ఓడలతో నాకు పాత తగాదా ఉంది. కొత్తలో నేనూ ఏదో పుస్తకంలో చూసి ఒక వారపత్రికకి ఇదే అంకె రాశాను. అచ్చయ్యాక ఒక కార్డు వచ్చింది. రాసినాయన జీవితమంతా గోదావరి పాయల్లో పడవ నడిపినవాడు. "అయ్యా, ఇరవై వేల ఓడలు లంగరేస్తే ఆఖరి ఓడ ఎక్కడుంటుందో చూశారా?" అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. నాటుపడవలన్నీ కలిపినా అది నమ్మబుద్ధయ్యే లెక్క కాదు. వంద సైట్లలో ఉందిగా అంటావు. ఒకడి పేపరు చూసి క్లాసంతా రాస్తే తప్పు కూడా అందరిదీ ఒకటే అవుతుంది, అబ్బాయ్.

అంకె వదిలెయ్, కోరంగిని పట్టుకో. అంతకు యాభై ఏళ్ల ముందు, 1789 డిసెంబరులోనే, ఆ ఊరిని ఇంకో తుపాను ఊడ్చేసింది. సముద్రం మూడు అలలుగా వచ్చిందట. మొదటిది రేవులోని ఓడల్ని గట్టుకు విసిరింది, రెండోది చుట్టూ నేలంతా ముంచింది, మూడోది మిగిలినదాన్ని కానిచ్చింది. ఈ సంగతి రాసిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉండేవాడు. ఓడల లాగ్ పుస్తకాలు, అంటే ప్రయాణంలో గాలీ వానా రాసిపెట్టుకునేవి, ముందేసుకుని, ఏ ఓడకి ఏ దిక్కు గాలి కొట్టిందో కలిపి చూసి, తుపాను గాలి చుట్టలు తిరుగుతుందని వివరించేవాడు. పాము చుట్టను తలపించే గ్రీకు మాటలోంచి 'సైక్లోన్' అనే పేరు తీసి, 1848లో పుస్తకంలో పెట్టింది ఆయనే. 1839 కోరంగి తుపాను మీద కూడా ఆయన వ్యాసం ఉంది. రేడియో ముందు బిక్కుబిక్కుమంటూ మనం విన్న మాట వెనక మన తీరం కూడా ఉందన్నమాట.

ఇంకోటి. బర్మాలో తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినవాడూ కోరంగీయే! రేవు పోయినా పేరు రంగూన్ దాకా వెళ్లింది. ఇవన్నీ నీ పదిహేడో నంబరు కిందే ఉన్నాయి, నువ్వేమో స్క్రోల్ చేసేశావు.

ఒకసారి బస్సెక్కి వెళ్లు. ఇప్పుడక్కడ మడ అడవి. చెక్కబాట మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఎవరో పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్టు. ఆ బురదలో గాలి ఆడదు గనక చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే మధ్యలో పీతలు పరుగులు పెడుతుంటాయి. అక్కడ నిలబడి ఒక్క ఓడని ఊహించు, ఇరవై వేలు వద్దు. కథగా రాస్తే కథ అనే చెప్పు.

జిరాఫీని మాత్రం తీసెయ్. కాకినాడ వచ్చినప్పుడు ఇంటికి రా, ఆ కార్డు చూపిస్తాను. ఇంకు వెలిసింది గానీ ఆయన ప్రశ్న చదవడానికి వస్తోంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు