బ్లాక్‌జాక్‌లో ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేసుకుంటూ పోతే చివరికి గెలుస్తామా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నారు, 500తో మొదలుపెట్టి ఓడిన ప్రతిసారీ రెట్టింపు కాస్తే ఎప్పుడో ఒక ఆట గెలవక తప్పదు, పోయిందంతా తిరిగొచ్చి పైన 500 మిగులుతుంది కదా అని. సరిగ్గా ఈ లెక్కే కాగితం మీద రాసుకుని, మడిచి జేబులో పెట్టుకుని మార్కాపురం రోడ్డు స్టేషన్లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాణ్ణి నేను.

మాది కందుకూరు పక్కన పల్లె. పొగాకు వేస్తాం. సంక్రాంతికి లోపలా బయటా, మూడు ముక్కలాట చూస్తూ పెరిగినవాళ్లం, కాబట్టి పేకలు మాకు కొత్త కాదు. ఆ ఏడు బేళ్లకు మంచి రేటు పలికింది. నేనూ మా బావమరిదీ గోవా పోయాం. మాండోవి నది మీద నిలిపి ఉంచే క్యాసినో (జూదశాల) పడవల్లో ఒకదానిలోకి వెళ్లాం. బ్లాక్‌జాక్‌లో మన ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ (క్యాసినో తరఫున ఆడేవాడు) మొత్తం కన్నా ఎక్కువ ఉండాలి. నా దగ్గర 40,000. నేను కూర్చున్న టేబుల్ మీద కనీస పందెం 500, గరిష్ఠం 20,000. ఆ గరిష్ఠాన్ని బోర్డు మీద చూశాను గానీ పట్టించుకోలేదు. 500 కాసేవాడికి 20,000తో పనేముంది అనుకున్నా.

మొదటి గంట బ్రహ్మాండం. ఒకటి ఓడతా, రెండు ఓడతా, మూడోది గెలుస్తా, మళ్లీ 500కి వస్తా. అట్టా 5,500 లాభం. పక్కన బావమరిది ఏ ఆటకైనా 500 తప్ప కాయడు, నాకు వాణ్ణి చూస్తే జాలేసింది.

తర్వాత వరసగా ఐదు పోయాయి. 500, 1,000, 2,000, 4,000, 8,000. మొత్తం 15,500. ఆరోది 16,000. చిప్స్ ముందుకు తోస్తుంటే చేతి వేళ్లు చల్లబడ్డాయి. నాకు 6, 5 పడ్డాయి, అంటే 11. డీలర్ తెరిచిన ముక్క 6. ఈ ఆటలో ఇంతకన్నా మంచి అదను దొరకదు. అక్కడ చేయాల్సింది డబుల్, అంటే ఇంకో 16,000 పెట్టి ఒకే ఒక్క ముక్క తీసుకోవడం. నా దగ్గర మిగిలింది 14,000. చాలదు. సరే, మామూలుగానే ఒక ముక్క అడిగా. ఆఠీను 4. మొత్తం 15, ఆగిపోయా. డీలర్ తీసిన మొదటి ముక్క జాకీ, దాని విలువ పది, 16 అయింది. 16 మీద డీలర్ ఇంకోటి తీయాల్సిందే. ఇస్పేటు 5 పడింది. 21.

డబ్బుండి డబుల్ చేసి ఉంటే ఇంకో 16,000 పోయేది, అది వేరే సంగతి. కానీ చూడండి, రెట్టింపు పద్ధతి మన డబ్బంతా తినేసి, సరైన ఆట ఆడాల్సిన చోట చేతులు కట్టేసింది. ఏడో పందెం 32,000 కావాలి. డబ్బున్నా టేబుల్ ఒప్పుకోదు, గరిష్ఠం 20,000 కదా. ఆ బోర్డు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. మొత్తం 31,500 పోయి, ముందు గెలిచింది తీసేస్తే 26,000 నష్టం.

"ఇంక లెయ్ బావా, పైన అన్నాలు పెడుతున్నారంట" అన్నాడు బావమరిది. వాడు ఆ రాత్రంతా ఆడి పోగొట్టుకుంది 2,500.

తిరుగు రైల్లో కూర్చుని లెక్క వేశా. సమానంగా తేలిన ఆటలు పక్కన పెడితే, బ్లాక్‌జాక్‌లో మనం ఓడేవి నూటికి 53, 54 దాకా ఉంటాయి. 500తో మొదలై ఒక ఆట గెలిచేదాకా, లేదా ఆరూ ఓడేదాకా ఒక విడత అనుకుందాం. డబుల్స్, మొదటి రెండు ముక్కల్లోనే 21 పడితే వచ్చే బోనస్ వదిలేసి మోటుగా లెక్కిస్తే, వరసగా ఆరు ఓడటం దాదాపు 42 విడతల్లో ఒకసారి జరుగుతుంది. మిగతా ఒక్కో విడతా 500 లాభంతో ముగుస్తుంది కాబట్టి 41 విడతలకు 20,500 వస్తుంది. ఆ ఒక్క విడతలో 31,500 పోతుంది. 42లో ఒకటంటే ఎప్పుడోలే అనిపిస్తుంది గానీ, గంటకు 60 ఆటలు ఆడే టేబుల్ దగ్గర అది ఒక్క రాత్రిలోనే ఎదురుపడొచ్చు. ముందు ఐదు ఓడామని ఆరోది గెలిచే అవకాశం పెరగదు. ముక్కలకు అవేవీ గుర్తుండవు.

మా ఊళ్లో ఈ పని పేకల్లేకుండానే చేస్తారు. ఒక ఏడు పొగాకు దెబ్బతింటే, ఆ అప్పు తీర్చడానికి మరుసటి ఏడు రెండింతలు కౌలుకు తీసుకుని, ఇంకో బ్యారన్ (పొగాకు క్యూరింగ్ చేసే కొట్టం) అద్దెకు పట్టి వేస్తారు. మా నాన్న కూడా ఒకసారి అట్టాగే వేశాడు. ఆ ఏడు కూడా వేలంలో మా బేళ్లకు నోబిడ్ పడింది, అంటే ఎవరూ పాడలేదు. రైల్లో లెక్క వేస్తుంటే నాకు ఆ బేళ్లే గుర్తొచ్చాయి.

మరి ఏం చేయాలంటారా? పందెం ఎట్టా పెంచాలి, ఎట్టా తగ్గించాలి అన్నది వదిలేసి, ఏ టేబుల్ దగ్గర కూర్చుంటున్నారో చూసుకోండి. బ్లాక్‌జాక్ (ఆసు, పక్కన పది విలువ ముక్క) పడితే కొన్ని టేబుళ్లు 3:2 ఇస్తాయి, అంటే 1,000కి 1,500. కొన్ని 6:5 ఇస్తాయి, 1,000కి 1,200. బ్లాక్‌జాక్ సుమారు 21 ఆటలకు ఒకసారి పడుతుంది కాబట్టి ఆ 300 తేడా ఆటకు 14 రూపాయల దాకా పడుతుంది. మిగతా రూల్స్ బాగుండి, ఎప్పుడు ముక్క అడగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పట్టిక ప్రకారం తప్పులేకుండా ఆడితే, 3:2 టేబుల్ దగ్గర 1,000కి సగటు నష్టం 5 రూపాయల చుట్టూ ఉంటుంది. 6:5 దగ్గర అదే 19 అవుతుంది. గంటకు 60 ఆటలైతే 300 ఎక్కడ, 1,100 పైన ఎక్కడ! ఏ రెట్టింపు పద్ధతీ ఈ తేడాను పూడ్చలేదు.

డీలర్‌కు ఆసు తెరుచుకుంటే ఇన్సూరెన్స్ తీసుకుంటారా అని అడుగుతారు. వద్దనండి. పేరు చూసి మోసపోకండి, అది డీలర్ రెండో ముక్క పది విలువది అవుతుందని కాసే వేరే పందెం. 13 రకాల ముక్కల్లో పది విలువవి నాలుగే: 10, జాకీ, రాణి, రాజు. 100 చొప్పున పదమూడు సార్లు ఇన్సూరెన్స్ కడితే సగటున నాలుగుసార్లు 200 వస్తుంది, తొమ్మిదిసార్లు 100 పోతుంది. నికరంగా వంద నష్టం.

ముక్కలు లెక్కపెట్టడం, అంటే ఏవి అయిపోయాయో గుర్తుపెట్టుకుని మిగిలినవి అంచనా వేయడం గురించి యూట్యూబ్‌లో చూసి ఉంటారు. మేం వెళ్లిన చోట ఆడేసిన ముక్కల్ని ఎప్పటికప్పుడు మిషన్‌లో వేసి కలిపేస్తున్నారు, లెక్కపెట్టడానికి మిగిలేదేం లేదు.

సరదాకి పందెం మార్చాలనే ఉంటే, గెలిచినప్పుడు పెంచండి. 500 గెలిస్తే 1,000, అదీ గెలిస్తే 2,000, మూడోది అవగానే గెలిచినా ఓడినా మళ్లీ 500. సగటు నష్టం దీనివల్లా తగ్గదు, కానీ మధ్యలో డబుల్ లాంటివి చేయకపోతే, ఎక్కడ ఓడినా ఆ విడతలో మన జేబులోంచి పోయేది మొదటి 500 మాత్రమే.

వెళ్లేముందు ఫోన్‌లో ప్రాక్టీస్ చేస్తే డబ్బుల్లేని ఆటలే ఆడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. గోవా పడవల్లోకి 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తారు, ఆధార్ మర్చిపోకండి. బ్లాక్‌జాక్ పడితే ఎంత ఇస్తారన్నది మామూలుగా టేబుల్ మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీదే రాసి ఉంటుంది. కుర్చీ లాక్కునే ముందు అది చదవండి, 6:5 అని ఉంటే పక్క టేబుల్‌కి పోండి.