మెట్టతామర ఏపుగా పెరిగినా పూయకపోతే

మూడేళ్లుగా కదపని కుండీలో ఎర్ర మెట్టతామర, యూరియా వేస్తున్నా ఆకులేస్తోందే గానీ పూయడం లేదన్నారు కదా. టెన్షన్ వద్దండీ, రోగంలా లేదు, దుంపలు ఇరుక్కుపోయి ఉంటాయి. కుండీ బోర్లించి విడదీయండి. ముక్కకు రెండు మూడు కళ్లు (మొలకొచ్చే మొగ్గలు) ఉంటే చాలు. 10 సెంటీమీటర్ల లోతున పాతి, రోజూ కనీసం 6 గంటల ఎండ తగిలేలా పెట్టండి. నీడలో ఎంత చేసినా ఆకులే. ఆ యూరియా మాత్రం ఆపేయండి, వేసేకొద్దీ ఆకే పెరుగుతుంది. పొటాష్ ఎక్కువున్న ఎరువు కొద్దిగా వేస్తే మేలు. మట్టి ఎండనివ్వకండి, దీనికి తడి ఇష్టం.

పూత మొదలయ్యాక వాడిపోయిన పూల గెలను తుంచితే అదే కాడకు పక్కనుంచి ఇంకోటి రావచ్చు. అదీ అయ్యాక కాడను నేలదాకా కోసేయండి. అది మళ్లీ పూయదు, చోటు దండగ. విడదీసేటప్పుడు, ఆకుల మీద పసుపు చారలున్న మొక్క ఉంటే పక్కన పెట్టండి. వైరస్ అయితే కత్తితోనే మిగతా దుంపలకూ అంటుతుంది.