వంటింటి కుళాయి మార్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి, లక్ష్మీసౌభాగ్యవతి అయిన మా మేనకోడలికి రాజమహేంద్రవరం నుంచి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

వంటింటి సింకు మీది కుళాయి రాత్రింబవళ్లు కారుతోందనీ, వస్తానన్న ప్లంబరు రెండు ఆదివారాలు రాలేదనీ, ఇక నువ్వే మార్చుకోదలచావనీ నిన్న ఫోనులో చెప్పావు. ఫోనులో తొందరగా విన్న మాటలు పనిలోకి దిగాక గుర్తుండవు గనుక వివరంగా రాసి పంపుతున్నాను. మీ మామయ్యగారి బదిలీల వల్ల మేము తొమ్మిది అద్దె ఇళ్లలో కాపురం చేశాము. వాటిలో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక్క కుళాయినైనా నా చేతులతో మార్చాను. ఈ పనిలో భయపడవలసింది కొత్త కుళాయి గురించి కాదు. కాపాడుకోవలసింది గోడ లోపల, టైల్స్ వెనుక కనపడకుండా ఉన్న ఎల్బోను, అంటే కుళాయి మర ఎక్కే గొట్టపు మలుపు ముక్కను. కుళాయి పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఎల్బో పగిలితే గోడ పగలగొట్టవలసి వస్తుంది. నేను చెప్పబోయే జాగ్రత్తల్లో చాలా భాగం దాని కోసమే.

అసలు మార్చవలసిన అవసరం ఉందో లేదో ముందు చూసుకో. గట్టిగా కట్టిన తరువాత కూడా మూతి నుంచి చుక్కలు పడుతుంటే లోపలి వాషరు గానీ, పిడితో పాటు తిరిగే స్పిండిల్ అనే కడ్డీ గానీ అరిగిందని అర్థం. దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. అటూ ఇటూ తిరిగే మెడ మొదట్లో నీరు ఊరుతుంటే అక్కడి రబ్బరు రింగు పోయి ఉంటుంది. ధార సన్నబడిందంటే మూతికి ఉన్న జాలీలో సున్నం పట్టిందన్నమాట. దాన్ని విప్పి ఒక పూట వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. నువ్వు పంపిన ఫొటోలో మాత్రం కుళాయి గోడలోకి దిగే చోట పచ్చగా చిలుము పట్టి, అక్కడి నుంచే నీరు ఊరుతున్నట్లు కనిపిస్తోంది. దానికి వాషరుతో పని జరగదు, కుళాయి మార్చవలసిందే. సెకనుకు ఒక చుక్క చొప్పున పడినా, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, రోజుకు నాలుగు లీటర్లకు పైగా నీరు పోతుంది. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే అపార్ట్‌మెంటులో అది చిన్న నష్టం కాదు. అంతకంటె ముఖ్యంగా, గోడ అంచున ఊరే నీరు బయటికి ఎంత వస్తోందో లోపలికి ఎంత పోతోందో మనకు తెలియదు.

మీ హైదరాబాదులో నల్లా అన్నా, మా వైపు కుళాయి అన్నా, దుకాణంలో సింక్ కాక్ అని అడుగు. గోడకు బిగించేదని స్పష్టంగా చెప్పు. మన ఇళ్లలో వీటి మర సాధారణంగా అర అంగుళమే, అదే 15 మిల్లీమీటర్లని పెట్టె మీద రాసి ఉంటుంది. అయినా పాత కుళాయి ఫొటోను ముందు నుంచి, పక్క నుంచి తీసి వెంట తీసుకువెళ్లు. కుళాయిని చేతిలో పట్టుకుని బరువు చూడు. ఇత్తడిది బరువుగా ఉంటుంది. పైన అదే మెరుపున్నా లోపల నాసిరకం మిశ్రమలోహంతో పోసినది తేలికగా ఉండి, మర దగ్గర త్వరగా విరుగుతుంది. ఐ.ఎస్. 8931 అనే భారతీయ ప్రమాణ సంఖ్య ఉన్నది దొరికితే అదే తీసుకో. మూతి నుంచి ధార సింకు మధ్యలో పడాలి, మూతి కింద నీ పెద్ద కుక్కరు నిటారుగా పట్టాలి. ఈ రెండు కొలతలూ టేపుతో ఇంట్లోనే తీసుకుని వెళ్లు, దుకాణంలో ఊహించవద్దు.

పావు తిప్పుతో తెరుచుకునే కుళాయిలో రెండు సిరామిక్ పలకలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. వాడకం చాలా హాయిగా ఉంటుంది, కానీ బోరు నీటిలో వచ్చే సన్నని ఇసుక ఆ పలకలను గీస్తుంది. నీళ్లలో ఇసుక వస్తుంటే, నాలుగైదు చుట్లు తిప్పి కట్టే పాత పద్ధతి కుళాయే మేలని నా అభిప్రాయం. దాని రబ్బరు వాషరును కొద్ది రూపాయలతో నువ్వే మార్చుకోగలవు. గొట్టం బయటికి లాగి జల్లులా వాడుకునే ఖరీదైన రకాల జోలికి పోయే ముందు నీటి ఒత్తిడి చూసుకో. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మీది పై అంతస్తు, ట్యాంకు మీ తల మీద మూడు నాలుగు మీటర్లే ఉంటుంది గనుక అందులో మూడో వంతు ప్రాంతమే వస్తుంది. అంత తక్కువ ఒత్తిడికి అటువంటివి సరిగా పనిచేయవు.

కుళాయితో పాటు, నీరు ఊరకుండా మరకు చుట్టే టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, గోడ దగ్గర కప్పే ఫ్లేంజి, అడ్జస్టబుల్ స్పానరు, రంపపు బ్లేడు ఒకటి తెచ్చుకో. బిల్లు, వారంటీ కార్డు జాగ్రత్త చేసుకో. పని మొదలుపెట్టడానికి ఆదివారం సాయంత్రాన్ని ఎంచుకోవద్దు. ఉదయం, హార్డ్‌వేర్ దుకాణం తెరిచి ఉండే రోజున, రెండు బిందెల నీళ్లు పట్టి పెట్టుకుని మొదలుపెట్టు. మధ్యలో ఏదో ఒక చిన్న వస్తువు తక్కువ పడుతుంది, అప్పుడు పరుగెత్తుకుని తెచ్చుకునే వీలుండాలి.

నీళ్లు కట్టడం గురించి ఒక మాట. మీ ఫ్లాటుకు విడిగా వాల్వు ఎక్కడ ఉందో వాచ్‌మన్‌ను అడిగి ముందు రోజే చూసుకో. కొన్నిచోట్ల స్నానాలగది పైన, కొన్నిచోట్ల డాబా మీద ట్యాంకు దగ్గర ఉంటుంది. డాబా మీదిదైతే దాని కింద ఉన్న మిగతా ఇళ్లవారికి ముందుగా చెప్పడం మర్యాద. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోవచ్చు, బలవంతంగా తిప్పితే దాని పిడి ఊడి చేతికి వస్తుంది. అందువల్ల మెల్లగా ముందుకూ వెనక్కూ కదుపుతూ మూయాలి. తరువాత వంటింటి కుళాయి తెరిచి, ధార ఆగి, చుక్కలు కూడా ఆగేదాకా వేచి ఉండు. అయిదు నిమిషాల తరువాత కూడా సన్నగా కారుతూనే ఉంటే వాల్వు పట్టడం లేదని అర్థం. ఆ స్థితిలో కుళాయి విప్పవద్దు. ప్రెషర్ పంపు ఉంటే దాని స్విచ్, గీజరు స్విచ్ కూడా ఆపి ఉంచు. తాగునీటి ఫిల్టరుకు పోయే సన్నని గొట్టం మీ కుళాయి మొదట్లోనే కలిపి ఉన్నట్లు ఫొటోలో చూశాను. ఫిల్టరును ప్లగ్గు నుంచి తీసి, ఆ గొట్టం మొదట ఉన్న చిన్న వాల్వు మూసి, గొట్టాన్ని విడదీసి పక్కన పెట్టు. ఆ జాయింటు ఏ వరుసలో ఉందో ఫొటో తీసుకోవడం మరిచిపోవద్దు.

ఇప్పుడు అసలైన ఘట్టం, పాతది విప్పడం. సింకు రంధ్రంలో ఒక గుడ్డ కుక్కు, లేకపోతే మరలూ రింగులూ అందులోకి జారిపోతాయి. మెడలాంటి వంపు గొట్టాన్ని ముందు ఊడదీయి. అది ఉండగా కుళాయిని చుట్టూ తిప్పితే గోడకో సింకుకో తగులుతుంది. కుళాయికి ఎదురుగా నిలబడి గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిప్పాలి. స్పానరును గోడ దగ్గర పలకలుగా ఉన్న భాగానికే పట్టించు, గుండ్రని ఒంటికి కాదు. ఒక్కసారిగా కుదిపి లాగవద్దు. బరువును నెమ్మదిగా మోపి, కదిలిందా లేదా అని చేతితోనే వినాలి. కదలకపోతే వెనిగర్‌లో తడిపిన గుడ్డను జాయింటు చుట్టూ కట్టి ఒక గంట ఆగు. తరువాత ముందు ఒక వెంట్రుకవాసి బిగించి, అప్పుడు వదులు చేస్తే సున్నపు పట్టు విడిపోతుంది. వంట నీళ్లు వచ్చే గొట్టం గనుక కిరోసిన్ పోయవద్దు. ప్లాస్టిక్ గొట్టాలున్న ఇంట్లో మంటతో కాల్చి వదులు చేసే ప్రయత్నం ఎంతమాత్రం వద్దు.

తిప్పుతున్నప్పుడు ఒక కన్ను ఎప్పుడూ గోడ మీదనే ఉంచు. కుళాయి మాత్రమే తిరగాలి. దానితో పాటు లోపలి ఎల్బో కూడా తిరుగుతున్నట్లు అనిపించినా, టైలు అంచున సిమెంటు రాలినా, లోపల కిర్రుమన్నా వెంటనే ఆపేసి ప్లంబరు కోసం ఎదురుచూడు. నల్గొండలో ఉన్నప్పుడు నేను ఆపలేదు. అక్కడి బోరు నీళ్లు ఎంత కఠినమంటే ఏడాదికే కుళాయి మూతికి తెల్లగా పెచ్చు కట్టేది. 1994 వేసవిలో బిగుసుకుపోయిన కుళాయికి పెద్ద పైపు రెంచి తగిలించి బలమంతా పెట్టాను. కుళాయి మర దగ్గర విరిగి, ముక్క గోడలోనే ఉండిపోయింది. ఆ రాత్రంతా ఆ పోర్షనుకు నీళ్లు లేవు. మర్నాడు ఒక ముసలి పనివాడు వచ్చి, రంపపు బ్లేడుతో ఆ ముక్క లోపలి వైపున రెండు గాట్లు పెట్టి, ఎల్బో మరకు బ్లేడు తగలకముందే ఆపి, స్క్రూడ్రైవరుతో ఆ ముక్కను లోపలికి ముడిచి, ముక్కుపట్టకారుతో లాగేశాడు. పావుగంటలో ముగించిన ఆ పని చూసి నేర్చుకున్నదే తరువాత రెండుసార్లు నాకు ఉపయోగపడింది. నిన్ను బ్లేడు తెచ్చుకోమన్నది అందుకే. అయితే మర దాకా కోసే ప్రమాదం ఉంది గనుక చేయి కుదరదనిపిస్తే నువ్వు ముట్టవద్దు.

కుళాయి ఊడాక గోడలోకి టార్చి వేసి చూడు. ఇత్తడి మర కనిపిస్తే సంతోషం. పాత టేపు పోగులు, సున్నం, కొన్ని పాత ఇళ్లలో జనపనార పోగులు కూడా ఉంటాయి. అన్నింటినీ టూత్‌బ్రష్‌తో బయటికే లాగు, లోపలికి నెట్టవద్దు. తుప్పు పట్టిన ఇనుప మర కనిపించి, పొరలు పొరలుగా రాలుతుంటే అక్కడితో నీ పని ఆపి ప్లంబరును పిలవాలి. మర బాగుంటే కొత్త కుళాయిని టేపు లేకుండానే చేత్తో ఎక్కించి చూడు. రెండు మూడు చుట్లు సులువుగా తిరగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే వంకరగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ నిటారుగా పెట్టు. ఎల్బో మూతి టైలు కంటె లోతుగా ఉంటే కుళాయి మర దానికి అందదు. అప్పుడు ఎక్స్‌టెన్షన్ నిప్పల్, అంటే పొడవు పెంచే చిన్న మరల గొట్టం, కావాలి. అగ్గిపుల్లను లోపల ఆనించి, టైలు దగ్గర గుర్తు పెట్టి కొలుచుకో. అవసరమైన దానికంటె పొడవైన నిప్పల్ వేసి బిగిస్తే అది ఎల్బో అడుగున పొడిచి పగలగొడుతుంది. అర అంగుళం తేడా కోసమైనా దుకాణానికి మళ్లీ వెళ్లు.

టేపు చుట్టే ముందు ఫ్లేంజిని కుళాయికి తొడుగు; ఆఖరున గుర్తొస్తే చేసిందంతా విప్పవలసి వస్తుంది. మర కొన నీ వైపు ఉండేట్టు పట్టుకుని, గడియారపు ముళ్లు తిరిగే దిశలోనే టేపు చుట్టాలి. కుళాయి బిగేది ఆ దిశలోనే గనుక టేపు ఇంకా గట్టిపడుతుంది, ఎదురుగా చుట్టితే బిగిస్తుంటే ముద్దగా లేచివస్తుంది. కొన దగ్గర ఒక మర వదిలి మొదలుపెట్టు, లేకపోతే టేపు ముక్కలు నీళ్లలోకి వస్తాయి. మర గాట్లు బయటికి కనిపించేంత బిగుతుగా లాగుతూ, సగం సగం మీదికి వచ్చేట్టు పది నుంచి పదిహేను చుట్లు వేయి. చేత్తో ఎక్కించినప్పుడు రెండు మూడు చుట్ల తరువాత బిగుతు తగలాలి. చివరి దాకా చేత్తోనే వచ్చేస్తే టేపు చాలలేదన్నమాట.

ఆ తరువాత స్పానరు దవడలకు గుడ్డ చుట్టి మెల్లగా బిగించు. పిడి పైకి, మూతి కిందికి వచ్చే చోట ఆగాలి. ఒకవేళ కొంచెం దాటిపోతే, వెనక్కి తిప్పి సరిచేద్దామని మాత్రం అనుకోవద్దు. టేపు ఒకసారి నలిగిన తరువాత వెనక్కి తిప్పిన జాయింటు తప్పకుండా కారుతుంది. పూర్తిగా ఊడదీసి, పాత టేపు తీసేసి, రెండు చుట్లు ఎక్కువ వేసి మళ్లీ మొదలుపెట్టు. నేను ఇప్పటికీ ఒక్కోసారి మూడుసార్లు చుట్టుతాను, అందులో తప్పేమీ లేదు. ఇంకో ముప్పావు చుట్టు తిరిగితే గానీ నిటారుగా రాదనిపించి, చేతికి బాగా బిగుతు తగులుతుంటే, బలంతో తిప్పవద్దు. విప్పి టేపు తగ్గించు.

మీ స్నేహితురాలిది స్లాబు మీద నిలబెట్టే కుళాయి అన్నావు గనుక ఆమెకు రెండు మాటలు: సింకు కింద గోడకు ఉండే యాంగిల్ కాక్ అనే చిన్న వాల్వు కట్టేస్తే చాలు, ఇంటికంతా నీళ్లు ఆపనక్కరలేదు, కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషరు ఉంటుంది గనుక అక్కడ టేపు అవసరం లేదు, చేత్తో బిగించి పైన పావు చుట్టు చాలు.

నీళ్లు వదిలే ముందు మూతి జాలీ విప్పి పక్కన పెట్టు. వంటింటి కుళాయి తెరిచి ఉంచి, ప్రధాన వాల్వును కొద్దికొద్దిగా తెరవమని ఎవరికైనా చెప్పు. గాలి, తుప్పు, ఇసుక మొదట వస్తాయి. రెండు నిమిషాలు పోనిచ్చి జాలీ బిగించు. తరువాత కుళాయి కట్టి, గోడను పొడిగుడ్డతో తుడిచి, ఫ్లేంజి కింద పాత దినపత్రిక ముక్క మడిచి పెట్టు. గంట తరువాత, పడుకోబోయే ముందు, మర్నాడు పొద్దున చూడు. కాగితం తడిసిందంటే మళ్లీ విప్పవలసిందే. పైన సిమెంటో అంటుకునే ముద్దో పూసి కప్పిపుచ్చవద్దు, నీరు గోడలోకి దారి వెతుక్కుంటుంది. వారం తరువాత గోడకు అవతలి వైపు, అంటే మీ పడకగది వైపు, చేత్తో తడిమి చెమ్మ ఉందేమో చూడు. ఫిల్టరు గొట్టం మాత్రం కుళాయి మార్చిన మర్నాడే కలుపు. మొదట వచ్చే మురికి నీరు దానిలోకి పోకూడదు.

శనివారం ఉదయం ఎనిమిది గంటల నుంచి ఫోను నా దగ్గరే పెట్టుకుంటాను. పాతది ఊడాక, కొత్తది ఎక్కించక ముందు, గోడలోని మర ఫొటో ఒకటి నాకు పంపు. అది చూసి చెప్పిన తరువాతనే టేపు చుట్టడం మొదలుపెట్టు.

ఇట్లు,
ఆశీస్సులతో, మీ మేనత్త