ఆల్టో మైలేజీ తగ్గితే మొదట చక్రాలు చూడండి

అన్నా, మీ పాత ఆల్టో లీటరుకు 17 నుంచి 13కి పడిపోయిందని, పెట్రోలు పైపుకు మ్యాగ్నెట్ బిగించాలా, గ్రిల్ (బండి ముందు గాలి వెళ్లే జాలీ) మూసేయాలా అని అడిగారు కదా. మ్యాగ్నెట్‌కు రూపాయి కూడా పెట్టకండి, దానివల్ల పెట్రోలు మండే తీరేమీ మారదు. గ్రిల్ మూయడం చలి దేశాల్లో చేసే పని. మన ఎండల్లో ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతే ఆదా చేసిందంతా దానికే పోతుంది.

నా అనుమానం బ్రేకుల మీదే. పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు గట్టిగా వేయకుండా ఆపి, ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మాత్రం బాగా సెగ కొడితే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టే. నా బండికి ముందు ఎడమ చక్రం అలాగే ఉండేది. జాకీ వేసి న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే సగం చుట్టుకే ఆగిపోయింది. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. శుభ్రం చేసి, బ్రేకు గ్రీజు రాసి, పిన్నుల మీది రబ్బరు తొడుగులు మార్చాక చక్రం తేలిగ్గా తిరిగింది. బ్రేకుల పని అలవాటు లేకపోతే మాత్రం మెకానిక్‌ని పక్కన పెట్టుకోండి.

ఇంకోటి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనీయకుండా ఆపే వాల్వు) ఉందో లేదో చూడండి. ఎండాకాలం పేరు చెప్పి కొందరు మెకానిక్‌లు తీసేస్తారు. అప్పుడు ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పంపుతూనే ఉంటుంది.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పినంత గాలి పట్టించండి. పైన క్యారియర్ ఉంటే తీసేయండి. లెక్క మాత్రం ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి, ఒకే బంకులో చూసుకోండి. ఏ చక్రం వేడిగా ఉందో చెప్పండి, తర్వాతి సంగతి చూద్దాం.