ఒడిశా బోర్డరులో తోట పెళ్ళికి స్థలాలు చూడబోతున్నాం, ఏమేం చూసుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ: అమ్మాయిది ఇచ్ఛాపురం, అబ్బాయిది బరంపురం, 400 మంది అతిథులు, వైశాఖంలో రాత్రి ముహూర్తం. పర్లాకిమిడి వైపు రెండు మామిడి తోటలు, ఒక జీడి తోట, గోపాలపురం దగ్గర సముద్రం ఒడ్డున ఒక రిసార్టు ఇద్దరూ కలిసి చూడబోతున్నారు. అక్కడ ఏం అడగాలి, ఏం చూడాలి అంటున్నారు.

స్థలాలు చూడ్డానికి అందరూ పొద్దున పదింటికి వెళ్తారు. ఆ వేళకి ఏ తోటైనా బాగుంటుంది. మీ పెళ్ళి రాత్రి కాబట్టి, నచ్చిన తోటకి రెండోసారి ముహూర్తం వేళకే వెళ్ళండి. మెయిన్ రోడ్డు దిగాక దారిలో దీపాలున్నాయా, ఫోను సిగ్నలు అందుతోందా, దీపం వెలిగించిన పది నిమిషాల్లో ఎన్ని పురుగులు మూగాయి, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. గజపతి జిల్లాలో లఖారి లోయ వైపు స్థలమైతే ఏనుగుల రాకపోకల గురించి ఊళ్ళో అడక్కుండా అడ్వాన్సు ఇవ్వకండి.

అన్నిటికంటే ముందు నీళ్ళు. యజమాని 'బోరుంది బాబూ' అంటాడు. ఉండడం వేరు, ఇవ్వడం వేరు. మోటారు వేయించి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోనులో చూసుకోండి. 40 సెకన్లయితే గంటకి 1800 లీటర్లన్నమాట. మోటారు ఆపకుండా అరగంట నడిపించి మళ్ళీ కొలవండి. కొండవారల రాతినేలలో ఎండాకాలం బోర్లు మొదట జోరుగా పోసి, తర్వాత గాలి కక్కుతాయి. భోజనాలకీ చేతులు కడుక్కోడానికీ మరుగుదొడ్లకీ కలిపి మనిషికి 20 లీటర్ల లెక్కన 400 మందికి 8000. రాత్రి విడిదిలో ఉండే 60 మందికి స్నానాలతో 80 లీటర్ల చొప్పున ఇంకో 4800. వంటకీ గిన్నెలకీ రెండు వేలు వేసుకోండి. మొత్తం 15 వేలకి దగ్గర. గంటకి 1800 ఇచ్చే బోరు ఎనిమిది గంటల పైన నడవాలి, అదీ కరెంటుంటే. అందుకని ముందురోజే నింపి పెట్టడానికి ట్యాంకులు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టండి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్ లోపలిదాకా రాగలదో లేదో కూడా చూడండి. ఇంకొకటి, ఆ నీళ్ళు ఒక గాజు సీసాలో పట్టి ఇంటికి తెచ్చి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి పసుపు రంగు తిరిగితే ఇనుము ఎక్కువుందని అర్థం. వంటకీ కాఫీకీ వేరే నీళ్ళు తెప్పించుకోవాలి.

కరెంటు సంగతి. తోటలో ఉన్నది వ్యవసాయ కనెక్షనైతే దాంతో పెళ్ళి దీపాలు వెలిగించకూడదు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అది అనధికార వాడకం అవుతుంది. అక్కడి కరెంటు కంపెనీ టీపీఎస్ఓడీఎల్ నుంచి తాత్కాలిక కనెక్షను తీసుకోవాలి, లేదా మొత్తం జనరేటరు మీదే నడపాలి. స్టాండు ఫ్యాన్లు 30కి నాలుగున్నర కిలోవాట్లు, దీపాలకి మూడు, సౌండుకి రెండు, పెళ్ళికూతురి గదిలో రెండు ఏసీలకి మూడున్నర, ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటారుకి 1.1. కలిపితే 14 కిలోవాట్లు, అంటే జనరేటరు సైజు లెక్కలో దాదాపు 18 కేవీఏ. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి 25 కేవీఏ పెట్టించండి. 15 కేవీఏతో సరిపెడితే మోటారు వేసినప్పుడల్లా దీపాలు మినుకుమంటాయి, సౌండు బోర్డు ఆగిపోతుంది.

మామిడి తోటల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈ ఏడు కాపు ఎవరిది? వైశాఖానికి కాయ చెట్టునే ఉంటుంది. చాలా తోటల్లో కాపు ముందే వ్యాపారికి అమ్మేసి ఉంటారు, కాపలావాడు అతని మనిషి. యజమాని సరేనన్నా వ్యాపారి ఒప్పుకోకపోతే పెళ్ళినాడు గొడవ. అతన్నీ కూర్చోబెట్టి రాలిన కాయకి ఎంతో ముందే తేల్చుకోండి. తర్వాత కొమ్మల వైపు చూడండి. ఆకులు కలిపి కుట్టిన బంతుల్లాంటివి కనిపిస్తే అవి ఎర్రచీమల గూళ్ళు. ఆ కొమ్మకి ఫ్లడ్‌లైటు కడితే వేడికి చీమలు కింద భోజనాల వరసలో కూర్చున్నవాళ్ళ మీద రాలతాయి. పెద్ద చెట్టు మీద తేనెపట్టు వేలాడుతుంటే వంట పొగ, హోమం పొగ దాని వైపు పోకూడదు.

జీడి తోట మాట మానుకోండి. కొమ్మలు నేలదాకా వాలి ఉంటాయి, పందిరికి పన్నెండు అడుగుల ఎత్తు దొరకదు. పైగా వైశాఖంలో కింద ఎండాకు పరుచుకుని ఉంటుంది, హోమం నిప్పురవ్వ ఒక్కటి చాలు.

గోపాలపురం రిసార్టు అందం కాదనను. కాకపోతే మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఆగదు, ఇసుకలో మేకులు నిలవవు. పందిరి తాళ్ళకి ఇసుక బస్తాలే దిక్కు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరయితే ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నెలన్నరకి, అంటే సరిగ్గా మీ పెళ్ళి రోజుల్లో, పిల్లలు సముద్రంలోకి వెళ్తాయి. దీపాల వెలుగుకి దారి తప్పుతాయి కాబట్టి ఒడ్డున ఫ్లడ్‌లైట్లు ఆపమంటారు.

మైకు గురించి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు, మేళం ఉండకూడదు. ముహూర్తం పదకొండు దాటాక అయితే మంత్రాలు మొదటి మూడు వరసలకే వినిపిస్తాయి. కుర్చీలు మండపానికి దగ్గరగా వేయించండి, ఊరేగింపు పదిలోపు ముగించండి.

వైశాఖంలో సాయంత్రాలు ఉన్నట్టుండి ఉరుములతో గాలివాన కొడుతుంది. మూడు కిలోమీటర్లలోపు కనీసం 150 మంది పట్టే పక్కా హాలు ఒకటి మాట్లాడి ఉంచుకోండి. తేదీ కార్తీకానికి జరుపుదామనుకుంటే ఆ కాలం తుపానులది, 2013 ఫైలిన్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని కొట్టాయి.  

భోజనాలకి నూరుగురి బంతి వేస్తే మనిషికి 12 చదరపు అడుగుల చొప్పున 1200 కావాలి. నాలుగు బంతులు, ఒక్కోటి 40 నిమిషాలు. అడ్డాకు విస్తళ్ళు ఏజెన్సీ సంతల్లో దొరుకుతాయి, వారం ముందు చెప్పి ఉంచండి.

పార్కింగుకి కారుకి 250 చదరపు అడుగులు, 60 కార్లకి 35 సెంట్లు. ఆడపెళ్ళివారి బస్సు ఆంధ్రా నంబరుదై, ఆల్ ఇండియా టూరిస్టు పర్మిటు లేకపోతే ఒడిశాకి తాత్కాలిక పర్మిటు తీసి, టాక్సు కట్టాలి. ఆ కాగితాలు డ్రైవరు దగ్గరే ఉండాలి. బస్సు లోపల తిరగడానికి 25 మీటర్ల ఖాళీ లేకపోతే రోడ్డు మీదే దింపి ఆటోలు పెట్టుకోండి.